నిజ్వా నుంచి మా ఊరి తూము దాకా

మస్కట్‌లో పనికి కుదిరిన కొత్తలో మా ఒమానీ సూపర్‌వైజర్ ఇంటికి భోజనానికి పోయి పదకొండు కప్పుల ఖావా తాగాను. కప్పంటే పెద్దదేం కాదు, చెవి కూడా ఉండని చిన్న గిన్నె. అడుగున రెండు గుక్కల చేదు కాఫీ, యాలకుల వాసన, పక్కన ఖర్జూరాలు. నేను ఖాళీ చేయడం, వాళ్లబ్బాయి నింపడం. వద్దంటే ఏమనుకుంటారోనని తాగుతూనే ఉన్నాను. చివరికి పక్కనున్న కేరళ మిత్రుడు జాలిపడి చెవిలో చెప్పాడు: చాలు అనాలంటే కప్పును అటూ ఇటూ ఊపి తిరిగివ్వాలట. ఆ రాత్రి తెల్లవార్లూ నిద్ర లేదు.

నాది ఏసీల మరమ్మతు పని. ఎండాకాలం మస్కట్‌లో ఏసీ ఆగిపోతే ఇల్లు కొలిమే. అయినా మా సూపర్‌వైజర్ ఎవరింటికి పోయినా ముందు యోగక్షేమాలు అడుగుతాడు. నువ్వెట్లున్నావు, మీ నాన్న ఎట్లున్నాడు, పిల్లలు ఎట్లున్నారు, ఏం సంగతులు. వాళ్లూ తిరిగి అవన్నీ అడుగుతారు. ఆ తర్వాతే ఏసీ మాట. నేనేమో స్క్రూడ్రైవర్ పట్టుకుని టెన్షన్‌గా నిలబడేవాణ్ని. వీళ్లకు టైమంటే లెక్కలేదని ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేవాణ్ని. రెండేళ్లు అదే మాట మీద ఉన్నాను.

ఒక శుక్రవారం ఆయనే నన్ను కారులో నిజ్వా అనే ఊరికి తీసుకెళ్లాడు. రెండు గంటలలోపే ప్రయాణం. పొద్దున్నే మేకల సంత. మన అంగట్లో పశువును గుంజకు కట్టేస్తారు, కొనేవాడు తిరుగుతాడు. అక్కడ కొనేవాళ్లు గుండ్రంగా నిలబడితే, అమ్మేవాళ్లు మేకను పట్టుకుని వాళ్ల ముందు తిరుగుతుంటారు. ధర పైకే అరుస్తారు. మా దగ్గర తువ్వాల కింద వేళ్లు పట్టుకుని, పక్కవాడికి తెలియకుండా బేరం చేస్తారని చెబితే ఆయన పడీపడీ నవ్వాడు. 'ధర దాచేదైతే సంతకు రావడమెందుకు?' అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సంత అయ్యాక ఫలజ్ దారిస్ చూపించాడు. ఫలజ్ అంటే కాలువే, కానీ మన కాలువల్లాంటిది కాదు. కొండ పక్కన లోతుగా మూల బావి తవ్వి, అక్కడి నుంచి నేల కిందనే సన్నని వాలుతో సొరంగం తీసుకొచ్చి ఊరి దగ్గర బయటికి తీస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. ఇలాంటివి ఒమాన్‌లో ఇప్పటికీ మూడు వేల దాకా పారుతున్నాయి. ఐదింటికి 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది, దారిస్ అందులో ఒకటి. బయటికి వచ్చిన నీళ్లు ముందు తాగడానికి, ఆ తర్వాతే ఖర్జూరపు తోటలకు. తోటల దగ్గర వంతు లెక్క మొదలవుతుంది. అథర్ అంటే సుమారు అరగంట నీళ్లు. పగలు నేలలో పాతిన కర్ర నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతులు మార్చేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల చేతి గడియారమే. టైమంటే లెక్కలేదని నేను అన్నది వీళ్లనే.

ఆ వంతును తాత మనవడికి రాసివ్వొచ్చు, అమ్మొచ్చు, కౌలుకూ ఇవ్వొచ్చు. భూమి వేరు, నీళ్లు వేరు.

గట్టున కూర్చున్నప్పుడు ఆయన అడిగాడు: 'మీ ఊళ్లో నీళ్లు ఎవరు పంచుతారు?'

'సర్కారు' అన్నాను. అది తప్పని అన్నప్పుడే తెలుసు. మా ఊరికి నీరటికాడు ఉండేవాడు. భుజాన పారతో, మోకాళ్ల దాకా బురదతో మా ఇంటి ముందు నుంచే పోయేవాడు. ఏం చేసేవాడో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

పోయిన సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు ఆ ప్రశ్న పట్టుకునే బయల్దేరాను. హనుమకొండలో ములుగు బస్సెక్కాం. మా ఆవిడ ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుంది, నేను డబ్బులిచ్చాను. ములుగు నుంచి ఆటోలో పాలంపేట. రామప్ప గుడి గురించి ఇప్పుడు చెప్పక్కర్లేదు, 2021లో యునెస్కో జాబితాలో చేరాక అందరూ చెబుతూనే ఉన్నారు. నీళ్లలో తేలే ఇటుకల గురించి గైడ్ చెబుతుంటే మా ఆవిడ వింటోంది, నేను చెరువు వైపు నడిచాను. 1213లో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే చెరువునూ తవ్వించాడు. గుడికి వచ్చిన వందమందిలో పదిమంది కూడా కట్ట ఎక్కి ఉండరు. ఎక్కినవాళ్లు కూడా బోటు ఎక్కడుందనే అడుగుతున్నారు.

మా ఊరు అక్కడికి దగ్గరే. నీరటికాడు ఉన్నాడు, ఎనభై దాటాయి, తాత అంటాను. పోగానే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, 'తాతా, తూము ఎట్ల విప్పేటోనివి?' అని అడిగాను. ఆయన ఫోన్ వైపు కూడా చూడలేదు.

'ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? మీ బాపు మోకాళ్లెట్లున్నయి? పిల్లలు ఏ క్లాసు? అక్కడ బువ్వ దొరుకుతదా?'

రికార్డింగ్ ఆపి జేబులో పెట్టుకున్నాను.

అన్నీ అయ్యాక తనే చెప్పాడు. వానాకాలం చెరువు నిండి మత్తడి దుంకితే గొడవే లేదు. యాసంగికే, అంటే వానాకాలం తర్వాతి పంటకే, అసలు పని. నాట్లకు ముందు ఊరోళ్లంతా కట్టమైసమ్మ దగ్గర కూర్చుని, చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో చూసి, ఎంత పొలం పారుతుందో తేల్చేవారు. దాన్నే తైబందీ అంటారు. నీళ్లు సగమే ఉంటే అందరూ సగం పొలమే నాటాలి. ఎవరికెంత పెట్టాలో, తూము ఎప్పుడు విప్పాలో నీరటికాడి చేతిలో ఉండేది. కూలి కల్లంలో వడ్లు.

'గంటల లెక్కన ఇచ్చేటోనివా?'

'గంటలేంది? మడి నిండితే నిండినట్టు. ఇసుక నేల ఎక్కువ తాగుతది, నల్లరేగడి తక్కువ తాగుతది. గంట ఒక్కటే అయితే ఇసుక నేలోడు ఏం కావాలె?'

నిజ్వాలో నీళ్లను అమ్ముకుంటారని చెప్పాను. తాత చాలాసేపు నా ముఖం చూశాడు. 'నీళ్లు అమ్ముడా? పాపం కాదా?' అన్నాడు. ఆయన వెనక అరుగు మీద ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఉంది. నేనేమీ అనలేదు.

మిషన్ కాకతీయ పథకంలో సర్కారు 46 వేల పైచిలుకు చెరువుల్లో పూడిక తీయాలని పెట్టుకుంటే అందులో మా చెరువూ ఉంది. నీళ్లు నిలుస్తున్నాయి. కానీ తైబందీకి కూర్చునేవాళ్లు లేరట. 'ఎవలి బోరు వాళ్లకుంది బిడ్డా. కరెంటు ఇరవై నాలుగ్గంటలు. నన్ను అడిగేటోడెవడు?' అన్నాడు. ఫలజ్ మూల బావి దగ్గర ఇష్టమొచ్చినట్టు బావులు తవ్వనివ్వరని చెప్పాను. ఇదొక్కటి ఆయనకు నచ్చింది. మళ్లీ చెప్పమన్నాడు.

ఆయన కోడలు స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. తాగాను. మళ్లీ పోయబోతే అలవాటుగా గ్లాసును అటూ ఇటూ ఊపి చాచాను.

తాత కంగారు పడ్డాడు. 'చెయ్యి వణుకుతుందేంది బిడ్డా? నీరసమచ్చినట్టుంది. నిండ పొయ్యవ్వా, ఇంత చక్కెర కూడా వెయ్యి' అన్నాడు.