కేబీ నుంచి టీబీ దాకా: మెమరీ యూనిట్ల లెక్కలు నాకు పట్టుబడిన తీరు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-2 కంప్యూటర్ విభాగానికీ, రైల్వే ఉద్యోగాల పరీక్ష ఆర్‌ఆర్‌బీ ఎన్‌టీపీసీ జనరల్ అవేర్‌నెస్‌కూ సిద్ధమవుతున్న మిత్రులకు, మెమరీ యూనిట్ల మార్పిడి గురించి నా అనుభవం చెప్పదలచాను. పట్టిక కంఠస్థం అయింది కదా అని చాలామందిలాగే నేనూ ఈ అంశాన్ని మొదట్లో వదిలేశాను. 4 బిట్లు నిబుల్, 8 బిట్లు బైట్, 1024 బైట్లు ఒక కేబీ (కిలోబైట్), ఆపైన ఇలాగే 1024 రెట్ల చొప్పున ఎంబీ (మెగా), జీబీ (గిగా), టీబీ (టెరా) అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ణి.

అయితే ఒక మాక్ టెస్టులో "2 జీబీ ఎన్ని కేబీలకు సమానం?" అని అడిగినప్పుడు, రఫ్ కాగితం మీద 1024ను 1024తో గుణించి, మళ్లీ 2తో గుణించగా నాకు 20,96,152 వచ్చింది. ఆప్షన్లలో ఉన్నది 20,97,152. కూడికలో ఎక్కడో ఒక అంకె జారిపోయింది, దాన్ని వెతకడానికే రెండు నిమిషాలు పట్టింది.

ఆ రోజు నుంచి గుణకారం మానేసి ఘాతాంకాలతో చేయడం మొదలుపెట్టాను. 1024 అంటే 2 పవర్ 10 కాబట్టి, బైట్లలో చెప్పాలంటే కేబీకి 10, ఎంబీకి 20, జీబీకి 30, టీబీకి 40 అని గుర్తుంచుకుంటే చాలు. బైట్‌కు 8 బిట్లు, 8 అంటే 2 పవర్ 3 కాబట్టి, బైట్ నుంచి బిట్‌కు మారాలంటే మరో 3 కలపాలి. 16 జీబీలో ఎన్ని బిట్లు అంటే, 16కు 4 (16 అంటే 2 పవర్ 4), జీబీకి 30, బిట్లకు 3, మొత్తం 2 పవర్ 37. చేయవలసిందల్లా కూడికే కనుక పొరపాటుకు అంతగా తావుండదు. జవాబును అంకెల్లో అడిగే ప్రశ్నల కోసం 2 పవర్ 16 అంటే 65,536, 2 పవర్ 20 అంటే 10,48,576 అనే రెండింటిని తప్పక కంఠస్థం చేయండి.

నేను ఎక్కువసార్లు తప్పు చేసింది ఇంటర్నెట్ వేగం లెక్కల్లో. సెకనుకు వచ్చే డేటాను చెప్పే ఎంబీపీఎస్‌ను ఇంగ్లిషులో రాసినప్పుడు అందులోని బి చిన్నదైతే (Mbps) బిట్, పెద్దదైతే (MBps) బైట్. సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు వచ్చేది 12.5 మెగాబైట్లే కాబట్టి, 600 ఎంబీ ఫైల్ దిగడానికి 48 సెకన్లు పడుతుంది. 8తో భాగించడం మరిచిపోయేవారి కోసం 6 సెకన్లు అనే ఆప్షన్ కూడా సిద్ధంగా ఉంటుంది.

ఇక 1000, 1024ల గొడవ. 500 జీబీ అని అట్ట మీద రాసి ఉన్న హార్డ్ డిస్కును విండోస్‌లో తెరిస్తే 465 జీబీ అనే చూపిస్తుంది. తయారీదారు జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కగట్టి 50,000 కోట్ల బైట్లు ఇస్తే, విండోస్ వాటిని 107 కోట్ల 37 లక్షల 41 వేల 824తో భాగిస్తుంది. డిస్కులో లోపమేమీ లేదు. ఈ అయోమయాన్ని తొలగించడానికే 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకు కిబిబైట్, మెబిబైట్, గిబిబైట్ అనే వేరే పేర్లు పెట్టింది. ప్రశ్నలో ఆ పేర్లుంటే సందేహమే అక్కర్లేదు. లేకపోయినా, దశాంశ పద్ధతి అని ప్రత్యేకంగా చెప్పనంత వరకు 1024నే తీసుకోవాలన్నది నా అభిప్రాయం.

టీబీ తరువాతి పెటా, ఎక్సా, జెట్టా, యొట్టాల వరుస మాత్రం తెలిస్తే చాలు. 2022 నవంబరులో వాటిపైన రొన్నా, క్వెట్టా చేరాయన్నది కరెంట్ అఫైర్స్‌కు కూడా పనికొస్తుంది.

పరీక్షకు ముందు నెల రోజులూ పొద్దున్నే పాత క్యాలెండర్ కాగితం వెనుక ఇలాంటివి ఐదేసి లెక్కలు చేసేవాణ్ణి. ఒకటి మీరూ చేసి చూడండి: 4 టీబీలో ఎన్ని ఎంబీలు? 4కు 2, టీబీకి 40, అందులోంచి ఎంబీకి 20 తీసేస్తే 2 పవర్ 22, అంటే 41,94,304.