పాత రివాల్వర్ అరిగిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

రాయలసీమలో లైసెన్సు రివాల్వర్ అనగానే ముందు గుర్తొచ్చేది కాన్పూర్ ఆయుధ ఫ్యాక్టరీ .32 బోరు. బ్రిటన్ కంపెనీ వెబ్లీ పద్ధతిలో బ్యారెల్ కిందికి వంగి తెరుచుకునే రకం, ఆరు రౌండ్లది. కాల్చడం అరుదు గనక ఇది పాడయ్యేది మందుగుండుతో కన్నా మొరటు వాడకంతోనే ఎక్కువ. నలుగురి ముందు ఒంటిచేత్తో టపీమని మూసేవాళ్లు దాని మడత స్క్రూకు, మూసినప్పుడు పట్టి ఉంచే లాచ్‌కు చేసే చేటు అంతా ఇంతా కాదు.

పరీక్షకు ముందు రౌండ్లు తీసి వేరే గదిలో పెట్టండి. సిలిండర్‌లో రౌండ్లు కూర్చునే ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయో లేదో వెలుతురులో కంటితో చూడండి. తర్వాత మూసి, ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో బ్యారెల్ పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ కదిలించండి. టక్‌మని చప్పుడొస్తే మడతో లాచో వదులైనట్టే.

ఇక సిలిండర్. బైకుల టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్, అంటే సందులు కొలిచే సన్నని రేకుల కట్ట చాలు. సిలిండర్‌ను వెనక్కి నొక్కిపట్టి బ్యారెల్‌తో ఉన్న సందు కొలవండి, ముందుకు నెట్టి మళ్లీ కొలవండి. వెనక్కి నొక్కినప్పుడు 0.15 నుంచి 0.20 మి.మీ. దాకా ఉంటే మంచి కొలత. రెండు కొలతల తేడాయే ముందువెనకల ఊగు. 0.05 దాకా పట్టించుకోనక్కర్లేదు, 0.10 దాటితే బాగుచేయించాలి. సిలిండర్ పక్కకు తెరుచుకునే రివాల్వర్లలో పలుచని స్టీల్ వాషర్లు వేసి దీన్ని సరిచేస్తారు. వంగి తెరుచుకునే రకంలో అంత సులువు కాదు.

అసలు జబ్బు టైమింగ్‌లో, అంటే సిలిండర్ గది సమయానికి బ్యారెల్‌కు ఎదురుగా వచ్చి నిలవడంలో ఉంటుంది. సిలిండర్‌కు వేలు తేలిగ్గా ఆనించి, కొంచెం అడ్డం పెట్టినట్టు ఉంచి, రౌండ్‌ను పేల్చే సుత్తిని (హ్యామర్) బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలబడేలోపే సిలిండర్ తన గాడిలో పడి బిగుసుకోవాలి. ఆరు గదులకూ ఇట్లాగే చూడండి. అన్నిట్లోనూ వెనకబడితే సిలిండర్‌ను తిప్పే కొక్కెం కొస అరిగింది, దాన్ని మారిస్తే సరి. ఒకటి రెండు గదుల్లోనే తేడా ఉంటే సిలిండర్ వెనకున్న నక్షత్రంలో ఆ పళ్లు దెబ్బతిన్నాయి. ఇది ఖర్చుతో కూడిన పని, కొన్నిసార్లు పెట్టినా లాభం ఉండదు. ఈ తేడాతోనే కాల్చారంటే తూటా బ్యారెల్ అంచుకు గీసుకుని, సీసం తునకలు పక్కకు చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాడి మొహానికే తగలొచ్చు.

చివరగా హ్యామర్‌ను వెనక్కి లాగి నిలబెట్టి, ట్రిగ్గర్ ముట్టకుండా, వెనకనుంచి బొటనవేలితో గట్టిగా నెట్టండి. జారిపడితే హ్యామర్‌ను పట్టి ఆపే సియర్ కొస అరిగింది. ఆ ఆయుధాన్ని అక్కడితో పక్కన పెట్టేయండి. ఆకురాయి పట్టుకుని సియర్ రుద్దే వీరులున్నారు. గట్టిదనం పైపొరలోనే ఉంటుంది, అది పోతే లోపలి మెత్తని ఇనుము నాలుగు రోజులాగదు.

పైగా ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేనివాడు మరమ్మతు చేయకూడదు. బజారులో లేతు మిషన్ వాడి దగ్గరికి తీసుకుపోతే మీకూ అతనికీ కేసే. లైసెన్సున్న డీలర్ దగ్గరే ఇచ్చి, నంబరు రాయించి రసీదు తీసుకోండి.

ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్‌లో డిపాజిట్ చేసేవాళ్లు ఇచ్చేముందు తుడిచి, పలుచగా నూనె పట్టించండి. కొబ్బరినూనె వద్దు, జిగురు కట్టి హ్యామర్‌ను మందగింపజేస్తుంది. తిరిగొచ్చాక రౌండ్ పేలకపోతే స్ప్రింగ్‌ను తప్పుపట్టే ముందు ఆ జిగురు కడిగి చూడండి.