లెజైస్క్ గుట్ట మీద నలభై రోజుల లెక్క

"నేను పైకి వెళ్ళాక, 'నువ్వు మోషేలా ఎందుకు బతకలేదు' అని నన్నెవరూ అడగరు. 'జూష్యాలా ఎందుకు బతకలేదు' అని అడుగుతారు."

యూదుల్లో హసీదీలనే భక్తి సంప్రదాయం ఉంది. వాళ్ళ గురువు రబ్బీ జూష్యా అన్నాడని చెప్పుకునే మాట ఇది. మోషే అంటే యూదుల గొప్ప ప్రవక్త. ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే. కాఫీ కప్పుల మీద ఉంటుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది, మా ఆఫీసు ట్రైనింగ్ స్లైడుల్లోకి కూడా వచ్చేసింది. అందరూ చెప్పే తాత్పర్యం ఒక్కటే: నువ్వు నీలా ఉంటే చాలు. నాకు ఆ "చాలు" దగ్గరే అనుమానం. చావు ముంగిట్లో పడుకుని భయంతో చెప్పిన మాటంటారు దీన్ని. తనలా తానుంటే సరిపోతుందనుకున్న మనిషికి భయం దేనికి?

పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే పాత యూదుల పేట కజిమియెజ్‌లో తిరగడం అలవాటైన నాకు ఈ ప్రశ్న పట్టుకుంది. జూష్యా సమాధి చూద్దామంటే అది ఉక్రెయిన్‌లో, హన్నోపిల్ అనే చిన్న ఊళ్ళో ఉంది. 1772లో పోయిన గురువు దోవ్ బేర్ పక్కనే, 1800లో ఆయన్నీ ఉంచారు. 2022 ఫిబ్రవరి నుంచి ఆ దేశానికి పౌర విమానాలు లేవు. రోడ్డు మీద వెళ్ళేంత ధైర్యం నాకు లేదు, ఇంట్లో ఒప్పుకోరు కూడా. అయితే ఆయన తోడబుట్టిన ఎలిమెలెఖ్ సమాధి పోలండ్‌లోనే ఉంది, లెజైస్క్‌లో. 1787లో యూదుల పంచాంగం ప్రకారం అదార్ 21న ఆయన పోయాడు. ఏటా ఆ తిథికి ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది వస్తారు. మన లెక్కలో అది ఎక్కువగా మార్చిలో పడుతుంది. ఆఫీసులో సెలవు పెట్టి బయల్దేరాను.

జెషూఫ్ దాకా రైలు, అక్కణ్ణుంచి యాత్రికులు మాట్లాడుకున్న వ్యాన్‌లో చోటు. నా పక్క సీట్లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నుంచి వచ్చిన పాతికేళ్ళ కుర్రాడు. నల్ల కోటు, చెంపల మీద మెలితిరిగిన జుట్టు. నన్ను చూడగానే "కేమ్ ఛో?" అన్నాడు. వాళ్ళ ఇంటి వ్యాపారం వజ్రాలట. అక్కడ ఆ వ్యాపారంలో గుజరాతీలు చాలామంది కాబట్టి, ఇండియా నుంచి వచ్చినవాళ్ళంతా గుజరాతీలే అతని లెక్కలో. తెలుగు అని చెబితే, అది ఎన్ని కోట్లమంది మాట్లాడతారని అడిగి, విని, కాసేపు నోరు మూసుకున్నాడు. ముందు సీట్లో వాళ్ళ మామయ్య ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు.

లెజైస్క్ చిన్న ఊరు. పెద్ద పైప్ ఆర్గాన్ ఉన్న బెర్నార్డైన్ చర్చి ఉంది కాబట్టి కేథలిక్కులకూ అది యాత్రాస్థలమే. ఇప్పుడు అక్కడ యూదుల కుటుంబాలు లేవు. 1939 సెప్టెంబరులో జర్మన్లు వచ్చి వాళ్ళను సాన్ నది అవతలికి, సోవియట్ వైపుకి తరిమేశారు. శ్మశానాన్ని ధ్వంసం చేశారు. ఇప్పుడు గుట్ట ఎక్కుతుంటే గడ్డిలో అక్కడొకటీ ఇక్కడొకటీ తప్ప పాత రాళ్ళు కనిపించవు. ఎలిమెలెఖ్ సమాధి మీద యుద్ధం తర్వాత మళ్ళీ కట్టిన చిన్న గది ఉంది. ఓహెల్ అంటారు. జనమంతా అక్కడే.

తల మీద టోపీ పెట్టుకుని మగవాళ్ళ వైపు నుంచి లోపలికి వెళ్ళాను. ఆడవాళ్ళకు వేరే వైపు. ఇనుప కటకటాల వెనక సమాధి. దాని మీద ప్రార్థన చీటీలు దోసిళ్ళకొద్దీ పడి ఉన్నాయి, పడుతూనే ఉన్నాయి. ఒకాయన కటకటానికి నుదురు ఆనించి కీర్తనల పుస్తకం గొంతెత్తి చదువుతున్నాడు. ఆయన వీపు మీదుగా చెయ్యి చాచి ఇంకొకాయన చీటీ విసిరాడు. కొవ్వొత్తుల వేడికి కళ్ళద్దాలు మసకబారాయి. ఇక్కడ చీటీ మీద మనిషి పేరూ, అతని తల్లి పేరూ రాస్తారు. మన గుళ్ళో అర్చనకి గోత్రం చెబితే అది తండ్రి వైపు నుంచి వస్తుంది. ఇక్కడ మా అమ్మ పేరు అడిగితే రాసిచ్చాను. కుర్రాడు దాన్ని హీబ్రూ అక్షరాల్లోకి మార్చడానికి తంటాలు పడ్డాడు.

బయట పెద్ద టెంటు వేసి వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా భోజనం పెడుతున్నారు. చికెన్ సూపు, ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంప వంటకం కూగెల్, ఉప్పు చేప. చిన్న గ్లాసుల్లో వోడ్కా పోసుకుని "లెఖాయిమ్", అంటే జీవితం కోసం, అనుకుంటున్నారు. నేను కూగెల్ రెండోసారి పెట్టించుకుని, ఆ కుర్రాడి ముందు నా అనుమానం బయటపెట్టాను. వెంటనే సమాధానం చెప్పలేదు. కోటు జేబులోంచి మడతలు పడ్డ ఓ చిన్న కాగితం తీశాడు. "చెట్ల్ కతాన్", అంటే చిన్న చీటీ. ఎలిమెలెఖ్ రాసిన పదిహేడు నియమాలు. ఆయన పోయాక 1788లో కొడుకు అచ్చువేయించిన "నోఆమ్ ఎలిమెలెఖ్" పుస్తకంతో పాటు ఇది కూడా ఆయన అనుయాయుల ఇళ్ళకి చేరింది. పదహారో నియమం చూపించి నాకు అర్థమయ్యేలా చెప్పాడు: మనిషి ఈ లోకంలోకి వచ్చింది తన స్వభావాన్ని విరగ్గొట్టుకోవడానికే.

నేను ఉలిక్కిపడ్డాను. తోడబుట్టిన ఒకడేమో నువ్వు నువ్వుగా ఉండాలన్నాడు, ఇంకొకడు నీ స్వభావాన్నే విరగ్గొట్టమన్నాడు!

అయితే ఎలిమెలెఖ్ ఉపదేశం ఇచ్చి ఊరుకోలేదు. పద్ధతి కూడా రాశాడు, మందు చీటీ అంత వివరంగా. పుట్టు బద్ధకస్తుడైతే వరసగా నలభై రోజులు అన్నీ చకచకా చెయ్యాలి. లేవడం, బట్టలు వేసుకోవడం, చేతులు కడుక్కోవడం, ప్రార్థనకి పరిగెత్తడం, అన్నీ. మొండివాడైతే నలభై రోజులు మనసు చెప్పినదానికి ఎదురు నడవాలి. సిగ్గరి అయితే నలభై రోజులు గొంతెత్తి ప్రార్థించాలి. ఇది చదివాక నాకు లెక్క తేలింది. బద్ధకం జూష్యా కాదు, జూష్యా మీద పేరుకున్న మట్టి. పైన అడిగేది ఆ మట్టి గురించి కాదు, దాని కింద ఉన్నవాడి గురించి. మోషేలా కాలేదేమని అడిగితే "నాకు ఆయనకున్న శక్తి ఇవ్వలేదుగా" అని తప్పించుకోవచ్చు. జూష్యా గురించి అడిగితే ఆ సాకు చెల్లదు. ఇవ్వాల్సిందంతా ఇచ్చే పంపారు మరి. ఆ భయానికి కారణం ఇదే అని నా నమ్మకం. కప్పు మీద రాసుకుని మురిసిపోవాల్సిన మాటేం కాదు.

కుర్రాడు దీనికి ఇంకా పాత మాట ఒకటి జోడించాడు. యూదుల పాత ధర్మగ్రంథం మిష్నాలో ఉందట: మనిషి ఒకే అచ్చుతో ఎన్నో నాణేలు కొడితే అన్నీ ఒకేలా ఉంటాయి. దేవుడు ఒకే ఆదాము అచ్చుతో అందరినీ కొట్టాడు, ఒక్కడూ ఇంకొకడిలా లేడు. అందుకని ప్రతివాడూ "నా కోసమే ఈ లోకం పుట్టింది" అనుకోవాలి. ఈ మాట గర్వం నేర్పదా అని అడిగితే, గర్వం కాదు బరువు అన్నాడు.

అప్పటికి మామయ్య కూడా కబుర్లలో కలిశాడు. ఆయన చెప్పిన కథ నాకు అన్నిటికంటే నచ్చింది. ఎలిమెలెఖ్ పోయే ముందు తనకున్నదంతా నలుగురు శిష్యులకి పంచాడట: చూపు లుబ్లిన్ ఆయనకి, గుండె కొజెనిత్సే ఆయనకి, బుద్ధి రిమనూఫ్ ఆయనకి, మాట ఆప్టా ఆయనకి. మామయ్య చెబుతుంటే నాకు తట్టింది: మొత్తం ఎలిమెలెఖ్ ఎవరికీ దక్కలేదు. ఇంకో ఎలిమెలెఖ్‌ని తయారు చేయాలని ఆయనే అనుకోలేదన్నమాట. మన దగ్గర గురువుల వారసత్వం కోసం జరిగే తగాదాలు గుర్తొచ్చాయి, సరే, అది వేరే కథ.

కుర్రాడు తన నలభై రోజులు కోపం మీద పెట్టాడట. ఆ రోజుకి ముప్ఫై ఒకటి. ఎవరి మీదా గొంతు పెంచలేదని గర్వంగానే చెప్పాడు.

సాయంత్రం వ్యాన్ దగ్గర గందరగోళం. మామయ్య ఇంకా గుట్ట మీదే ఉన్నాడు. డ్రైవరేమో గడియారం చూపించి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. కుర్రాడు తలుపుకి అడ్డంగా నిలబడి యిడ్డిష్‌లో, తర్వాత ఇంగ్లీషులో, చివరికి తనకొచ్చిన నాలుగు పోలిష్ ముక్కల్లో అరిచాడు. పార్కింగులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. మామయ్య అట్టపెట్టె పట్టుకుని ఆయాసపడుతూ వచ్చి ఎక్కాక, వ్యాన్ కదిలింది.

"ముప్ఫై ఒకటేనా?" అన్నాను మెల్లిగా.

కిటికీలోంచి వాలుతున్న పొద్దు చూశాడు. వాళ్ళకి చీకటి పడితే మర్నాడు మొదలైనట్టే. "ఇంకో గంటలో ఒకటి" అన్నాడు.

ముందు సీట్లోంచి మామయ్య వెనక్కి తిరగకుండానే అందుకున్నాడు: "పోయినసారి పన్నెండు దాకానే వచ్చావు. కూగెల్ తింటావా?"