భోగికి ముందే అటక దించాలి

సంక్రాంతికి అందరూ బూజు దులపడంతో మొదలుపెడతారు. నేను అటకతో మొదలుపెడతాను. పెద్ద మూకుడు, అరిసెల చెక్కలు, బొమ్మల కొలువు పెట్టె అన్నీ అక్కడే కదా. అవి దించాక బూజు దులిపితే ఇల్లు రెండుసార్లు కడగనక్కర్లేదు. ఇదంతా జనవరి 10 లోపు అయిపోవాలి.

అరిసెల రోజు పొయ్యిగట్టు మీద ఇంకేమీ ఉండనివ్వను. తడి బియ్యప్పిండి ఆరిపోకూడదు, పాకం ముదిరిపోకూడదు. ఆ హడావిడిలో గరిటె వెతుక్కునే తీరిక ఎవరికి? అరిసెలు పూర్తిగా చల్లారాకే డబ్బాకెక్కుతాయి. జంతికలకు వేరే డబ్బా, కలిపితే మెత్తబడతాయి. మూతల మీద పేర్లు రాసి అంటిస్తాను, లేకపోతే మా ఆడపడుచు పిల్లలు అన్నీ తెరిచి చూస్తారు. (రాసినా తెరుస్తారనుకోండి.)

పరుపులు, దుప్పట్లు ఎండకు వేయడం మా వారి పని. చుట్టాల సంచులన్నీ మంచాల కిందికే, హాలులో ఒక్కటీ కనిపించకూడదు.

భోగి మంటలో విరిగిన కర్ర సామాను వేస్తాం. ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు మాత్రం వేయనివ్వను. ఆ పొగ పీల్చేది మన పిల్లలే. అవి పాత సామాన్ల బండికి పోతాయి.

కనుమ నాడు మాత్రం గారెలు వండుతాను, తింటాను. ఆ రోజు ఇల్లు సర్దమని నన్నెవరూ అడగకూడదు.