పది లైన్ల పరిచయం

పొద్దున్నే సెమినార్ వాళ్ల కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడం, మీ బయోడేటా పది లైన్లలో పంపండి, బ్రోచర్ ప్రింటుకి వెళ్లిపోతోంది." సరేనన్నాను. పటమటలో కరెంటు పోయి ఉక్కపోస్తుంటే ఆ పది లైన్లతోనే మధ్యాహ్నమైంది.

పీహెచ్‌డీ, పేపర్లు, కమిటీలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. చిక్కంతా అంతకుముందు సంగతితోనే. బోయపాలెం డైట్‌లో టీచర్ ట్రైనింగ్, డీఎస్సీ, ఆ తర్వాత గుంటూరు జిల్లాలో ఎస్జీటీ, అంటే చిన్న క్లాసుల టీచర్ ఉద్యోగం. బ్రోచర్లలో ఇలాంటివి ఎవరూ వేయించుకోరు. విద్యా విధానాల మీద మాట్లాడటానికి నాకున్న అసలు అర్హత అదేనని నా నమ్మకం.

అప్పట్లో డైస్ ఫారం, అంటే ఏటా ప్రతి బడి వివరాలూ సర్కారుకి పంపే ఫారం, కాగితం మీదే నింపేవాళ్లం. సెప్టెంబరు 30 నాటికి బళ్లో ఉన్నదే లెక్క. తరగతి గదులకి మూడు గడులు: బాగున్నవి, చిన్న రిపేరువి, పెద్ద రిపేరువి. మా రెండో గదిలో స్లాబు పెచ్చులూడేది, వానొస్తే పిల్లల్ని వరండాలోకి జరిపేవాళ్లం. పెద్ద రిపేరని రాస్తే గది మూసేయమంటారేమోనని మా హెడ్మాస్టారి భయం. ఉన్నవే రెండు గదులాయె! పెన్ను పట్టుకుని చాలాసేపు చూసి, "చిన్నదని వెయ్యమ్మా" అన్నారు. ఆ అంకె మండలం దాటి, జిల్లా దాటి, ఢిల్లీ చేరి రిపోర్టయిపోయేది. 2018-19లో దాని కొత్త రూపం యూడైస్ ప్లస్ వచ్చాక అంతా ఆన్‌లైనే, కానీ నింపే చేతులు ఆ మాస్టార్లవే. అందుకే మా జూనియర్లు ఎక్సెల్ తెరిచీ తెరవగానే శాతాలు తీసేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎస్జీటీ లైను పైనే పెట్టి బయోడేటా పంపేశాను.

సాయంత్రం స్లైడ్ల కోసం ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల 2011 నాటి పేపర్ మళ్లీ తిరగేశాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెటూరి సర్కారు బళ్లలో, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇచ్చి చూశారు. పిల్లలు బాగానే పుంజుకున్నారు. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు! వచ్చిన రోజున గట్టిగా చెప్పారంతే: హోంవర్కు, అదనపు క్లాసులు, ప్రాక్టీసు పరీక్షలు. మొదటిసారి చదివినప్పుడు బయటివాళ్లు ఆశ్చర్యపోయి ఉంటారు. బళ్లో పనిచేసినవాళ్లకి అందులో వింతేమీ లేదు.

ఇప్పటికీ అదే మండలంలో పాఠాలు చెబుతున్న నా స్నేహితురాలికి ఫోన్‌లో ఈ ముక్క చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "అవన్నీ సరే గానీ, ఆ బోనస్ మన దాకా రాలేదేంటే?" అంది.