మాటల కంటే ముందు చూసే పరీక్ష: మా బాబుతో నా అనుభవం

మా బాబు ఏడు వారాలు ముందుగా పుట్టాడు. కొన్నాళ్లు బాక్సులో ఉంచి ఇచ్చారు. ఆ తర్వాత బరువు బాగానే పెరిగాడు, బోర్లా పడ్డాడు, కూర్చున్నాడు. తొమ్మిదో నెల ఎం.ఆర్. టీకాకి తీసుకెళ్లినప్పుడు ఏఎన్ఎమ్ గారు కార్డు తిరగేస్తూ, "పేరు పెట్టి పిలిస్తే చూస్తున్నాడామ్మా? టాటా చెబుతున్నాడా?" అని అడిగారు. నా మనసులో నలుగుతున్నదే ఆవిడ నోట వచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది.

ఇంట్లో చెబితే మా అత్తయ్యగారు కొట్టిపారేశారు. "వాళ్ల తాత నాలుగేళ్లకి గానీ నోరు విప్పలేదు. ఆనక ఊరంతా ఆయన మాటే, ఆయ్!" అన్నారు. టౌన్లో చూపించిన పిల్లల డాక్టరుగారు కూడా మగపిల్లలకి మాట లేటే, మూడేళ్ల దాకా చూద్దాం అన్నారు. నా బెంగ మాటల గురించి కాదు. వీడు ఎత్తుకోమని చేతులు చాపడు. దొడ్లో దింపువాళ్లు కొబ్బరికాయలు కోస్తుంటే, దబ్బుమని పడ్డప్పుడల్లా అటే చూస్తాడు. "చూశావా అమ్మా" అన్నట్టు ఒక్కసారైనా నా మొహంలోకి చూడడు. దీన్ని ఎవరికి ఎలా చెప్పాలో తెలిసేది కాదు.

దారి చూపించింది ఆశా అక్క. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని ఉచితంగా చూస్తారు. ఆ టీము ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది. అనుమానం ఉంటే పైకి రాసిస్తారు. మాకూ అలాగే రాసిచ్చారు. రాజోలు నుంచి అమలాపురం, ముమ్మిడివరం మీదుగా కాకినాడలో పిల్లల ఎదుగుదల చూసే సెంటర్‌కి ప్రయాణం.

అక్కడ వీణ్ణి పరీక్షించిన మేడం మొదట అడిగింది నెలలు నిండి పుట్టాడా అని. కాదనగానే కాగితం మీద ఏడు వారాలు కొట్టేశారు. మేము పదకొండు నెలలు అనుకుంటున్న వాడు ఆవిడ లెక్కలో తొమ్మిది నెలల పైచిలుకు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కేస్తారట. అది విన్నాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత చెవులు. కాయ పడితే తిరుగుతున్నాడు కదా, ఇంకెందుకు అన్నాను. పెద్ద చప్పుడు వినిపించినంత మాత్రాన మాట స్పష్టంగా వినిపిస్తున్నట్టు కాదన్నారు. పైగా బాక్సులో ఉన్న పిల్లలకి చెవి ఒక్కటే కాదు, నరం సంగతి కూడా తెలియాలని బెరా పరీక్ష రాశారు. అది నిద్రలో చేస్తారు. నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అంటించి, చిన్న చిన్న శబ్దాలు పంపి, అవి మెదడు దాకా చేరుతున్నాయో లేదో కంప్యూటర్లో చూస్తారు. దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకురమ్మన్నారు. ఎదుర్లంక వంతెన మీద గోదావరి గాలి తగిలితే పెద్దవాళ్లకే కళ్లు మూతపడతాయి, వాడెంత! హాయిగా నిద్రపోయి, యానాం దాటాక లేచి, పరీక్ష గదిలో కళ్లు ఇంతింత చేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కాచుకుని, చివరికి సిరప్ పట్టించి చేశారు. రిపోర్టు నార్మల్.

ఇక అసలు పరీక్ష. 24 ప్రశ్నల ఫారం ఒకటి ఉంది. అమెరికాలో ఎమీ వెదర్‌బీ, బారీ ప్రిజంట్ తయారుచేసింది, 6 నుంచి 24 నెలల పిల్లలకి. చాలా ప్రశ్నలకి "ఇంకా లేదు, అప్పుడప్పుడు, తరచుగా" అని మూడే జవాబులు. చూపు, సైగలు, శబ్దాలు, చెప్పింది అర్థం చేసుకోవడం, వస్తువులతో ఆడుకునే తీరు, అన్నీ అడుగుతారు. మేడం ఒక్కొక్కటీ తెలుగులో చెబుతుంటే అత్తయ్యగారు నన్ను నోరు తెరవనివ్వకుండా "ఓ, చేస్తాడండీ" అంటున్నారు. మేడం విసుక్కోలేదు. "ఎప్పుడు చేశాడమ్మా ఆఖరిసారి? అప్పుడు ఎదురుగా ఎవరున్నారు?" అని నెమ్మదిగా అడిగారు. నాలుగో ప్రశ్నకి అత్తయ్యగారే ఆలోచనలో పడ్డారు. మన పిల్లాడి గురించి ఎవరైనా అడిగితే గొప్పగా చెప్పడమే మనకి అలవాటు, అక్కడ అది పనికిరాదు.

ఆ తర్వాత ఆట. మమ్మల్ని పక్కనే కూర్చోబెట్టి, ఏమీ నేర్పొద్దు, అందించొద్దు అన్నారు. కీ ఇస్తే గెంతే కప్ప బొమ్మ వదిలారు. అది ఆగిపోయాక మేడం చేతులు కట్టుకుని ఊరుకున్నారు. వీడు బొమ్మని తట్టాడు, తిప్పాడు, నోట్లో పెట్టుకున్నాడు. ఆవిడ చేతికి ఇవ్వలేదు. మూత బిగించిన సీసాలో బిస్కెట్టు ముక్క పెట్టి ఇస్తే సీసాతోనే తంటాలు పడ్డాడు. నా ప్రాణం విలవిల్లాడిపోయింది. తర్వాత సబ్బు బుడగలు. రెండుసార్లు ఊది, మూత పెట్టి, మళ్లీ మౌనం. వీడు సీసా వంక చూశాడు, తలెత్తి మేడం మొహంలోకి చూశాడు, మళ్లీ సీసా వంక చూసి "ఊఁ" అన్నాడు. వెంటనే ఆవిడ మూత తీసి ఊదారు, కాగితం మీద గీత పెట్టుకున్నారు. వస్తువు నుంచి మనిషికి, మనిషి నుంచి వస్తువుకి తిరిగే ఆ చూపు కోసమే ఇందాకటి నుంచి కాచుకున్నానని తర్వాత చెప్పారు.

చూపులు, సైగలు వయసుకి తక్కువగా ఉన్నాయి, శబ్దాలు పర్వాలేదు అని తేల్చారు. ఏ జబ్బు పేరూ పెట్టలేదు. ఇది వడపోత మాత్రమే, మూడు నెలలకి మళ్లీ రండి, ఈలోపు ఇవి చేయండి అన్నారు. నేల మీద వాడికి ఎదురుగా కూర్చోవాలి. అడక్కముందే ఏదీ చేతిలో పెట్టకూడదు. వాడు చూసినదాని పేరే చెప్పాలి. చెప్పి కాసేపు ఆగాలి.

మా ఇంట్లో ఆ ఆగడమే గగనం. మా ఆయన కువైట్‌లో ఉంటారు, ఫోన్ చేస్తే "చిన్నా చిన్నా" అని ఊపిరి సలపకుండా పిలుస్తారు. అన్నం తినిపించడానికి ఫోన్లో పాటలు పెట్టడం మానేయమన్నారు గానీ, నాన్నతో వీడియో కాల్ అప్పుడప్పుడూ పర్వాలేదన్నారు. ఇప్పుడు ఆయన ఒక్కసారి పిలిచి ఆగుతున్నారు. వీడు ఒక్కోసారి చూస్తాడు, ఒక్కోసారి ఫోన్ లాక్కుంటాడు.

చేతులు చాపడం వచ్చింది. ఖాళీ గిన్నె తెచ్చి నా ఒళ్లో పెట్టి మొహంలోకి చూస్తున్నాడు. వేలు పెట్టి చూపించడం మాత్రం ఇంకా రాలేదు. 16 నెలలు నిండాక ఆటిజం అనుమానం ఉందేమో చూసే 20 ప్రశ్నల ఎం-చాట్ ఫారం కూడా నింపిస్తామన్నారు. కొత్త చోట వీడు బిగుసుకుపోతాడు కాబట్టి, గిన్నె తెచ్చేటప్పటివి, నాన్నతో మాట్లాడేటప్పటివి చిన్న చిన్న వీడియోలు తీసి ఉంచాను. పిలిచినా తిరగనివి కూడా తీశాను. మేడం అవే ముందు అడుగుతారు.