షడ్జం రెండుగా చీలినప్పుడు

పొద్దున లేచేసరికి నా ఎడమ చెవి దిబ్బడ వేసినట్టుంది. జలుబేమో అనుకుని ఆవిరి పట్టుకుంటూ కూర్చోవడంతో మూడు రోజులు పోయాయి. మీరు ఆ పొరపాటు చేయకండి. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే పెదాలు కలిపి ‘మ్‌’ అని కూనిరాగం తీయండి. అది దిబ్బడ చెవిలో గట్టిగా మోగితే గులిమి లాంటి అడ్డు ఉండొచ్చు. బాగున్న చెవి వైపు మోగితే మాత్రం దెబ్బ లోపలి చెవికో నరానికో అని అనుమానించి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నుదుటి మీద 512 హెర్ట్జ్ శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) ఆనించి వాళ్లు చూసేదీ ఇదే.

మూడు రోజుల లోపల, వరుసగా ఉన్న మూడు ఫ్రీక్వెన్సీలలో (శబ్దస్థాయిల్లో) కనీసం 30 డెసిబెల్స్ వినికిడి పడిపోతే దాన్ని ఆకస్మిక చెవుడు అంటారు. నాకు 500, 1000, 2000 హెర్ట్జ్‌లలో పడింది. స్టెరాయిడ్ రెండు వారాల లోపు మొదలైతే ఫలితం ఎక్కువ. నాకు ప్రెడ్నిసలోన్ రోజుకు 60 మి.గ్రా. చొప్పున 10 రోజులు ఇచ్చి, తర్వాత మెల్లగా తగ్గించారు. అదీ చాలక కర్ణభేరి గుండా డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. షుగర్ ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ మాత్రలతో చక్కెర బాగా పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. నరం మీద గడ్డ లేదని తేల్చే ఎమ్మారైని వాయిదా వేయొద్దు.

మాటలు తిరిగొచ్చాయి. పాట రాలేదు. ఘంటసాల పద్యం పెట్టుకుంటే, చివర ఆలాపన తారస్థాయికి ఎక్కి ఎప్పుడూ కళ్లు చెమర్చే చోట నాకు ఒళ్లు మండింది. కుడి చెవిలో షడ్జం (స) షడ్జంగానే ఉంది, ఎడమ చెవిలో అర స్వరం పైన ఉంది. అర స్వరమంటే సుమారు 6 శాతం తేడా. తంబురా తీగల్లో ఒకటి సడలినా కచేరీ అంతా చెడుతుంది కదా, అలాగే. దీన్ని డిప్లకూసిస్ అంటారు. దీనికి తోడు, దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం వినబడదు, కాస్త పెంచగానే భరించలేనంత అవుతుంది. లోపలి చెవిలో చిన్న శబ్దాలను పెంచి అందించే రోమకణాలు పాడవడమే దానికి కారణం.

ఈ స్థితిలో చాలామంది ‘నాకు పాట మీద మనసు పోయింది’ అనుకుంటారు. మనసు పోలేదు. 2011లో మాంట్రియల్ పరిశోధకులు చూపించిన విషయం ఒకటుంది: ఒళ్లు పులకరించే క్షణంలోనే కాదు, దానికి కొన్ని సెకన్ల ముందు ఎదురుచూపులోనూ మెదడులో హాయినిచ్చే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. తెలిసిన పాటలో రాబోయే స్వరాన్ని మెదడు ముందే పాడుకుంటుంది. చెవి వేరే స్వరం తెచ్చి ఇస్తే ఆ ఎదురుచూపంతా చిరాకవుతుంది. అందుకే ప్రాణప్రదమైన పాటలతో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

నేను తంబురా యాప్‌తో మొదలుపెట్టాను. ఒకటో శ్రుతి, అంటే హార్మోనియంలో సీ మెట్టు. హెడ్‌ఫోన్లు కాదు, ఒక స్పీకరు మీటరున్నర దూరంలో, మామూలు మాట కన్నా తక్కువ శబ్దంలో, పూటకు 10 నిమిషాలు. కుడి చెవి వేలితో మూసి ఎడమతో విని, సన్నగా గొంతు కలపాలి. వేలు తీయగానే గొంతు శ్రుతిలో లేదనిపిస్తే తేడా ఎంతో తెలిసిపోతుంది. వారానికోసారి టోన్ యాప్‌లో 500, 1000, 2000 హెర్ట్జ్ ఒక్కో చెవితో విని రాసిపెట్టుకున్నాను. నాకు 500 దగ్గర తేడా ముందు పోయింది, 2000 దగ్గర ఆఖరున.

తర్వాత ఒంటరి వీణ, అదీ ఎప్పుడూ వినని రికార్డింగులు. మోహన రాగంలో ఐదు స్వరాలే, మధ్యమం నిషాదం లేవు కాబట్టి స్వరాలు ఎడంగా ఉంటాయి, తప్పు తేలిగ్గా పట్టుబడుతుంది. గమకాలతో ఊగే తోడి రాగాన్ని చాలా తర్వాతకి ఉంచుకోండి. పక్కవాద్యాలున్న కచేరీ ఆ తర్వాత, సినిమా పాట అన్నిటికన్నా చివర. స్టీరియోలో వాయిద్యాలు చెరో వైపు ఉంటాయి కనుక, ఒక్క చెవితో వింటే సగం పాట పోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ కింద మోనో ఆడియో ఆన్ చేసుకోవాలి.

ఇంకొక తప్పు కూడా చేశాను. కుక్కర్ విజిల్‌కి భయపడి రోజంతా చెవిలో దూది పెట్టుకునేవాణ్ని. నిశ్శబ్దంలో ఉంచేకొద్దీ చెవి ఇంకా సున్నితమైంది. విజిల్ వేళకి వంటగది నుంచి బయటికి వస్తే చాలు.

నాలుగో నెలలో ఒక రాత్రి, వీణ మంద్ర పంచమం మీద ఆగినప్పుడు చేతి మీద రోమాలు లేచాయి. ఆ వారం వినికిడి పరీక్ష గ్రాఫు, అంటే ఆడియోగ్రామ్‌లో 1000 హెర్ట్జ్ గీత 10 డెసిబెల్స్ మాత్రమే మెరుగుపడింది. పద్యం మళ్లీ పెట్టుకున్నది ఆరో నెలలో. ఆలాపన ఒక్కటిగానే వినిపించింది, పూర్తయ్యే దాకా కూర్చున్నాను. తారస్థాయి వయొలిన్ మాత్రం ఇప్పటికీ ఎడమ చెవిలో రేకు డబ్బాలా మోగుతుంది. అది వచ్చే చోట బ్యాలెన్స్ కాస్త కుడికి జరుపుకుంటాను.